మాట్లాడే బాధ్యత లేకుండా నలుగురి మధ్య కూర్చోవడానికి చెన్నైలో చోటెక్కడ?

ప్రశ్న: నెల్లూరు ఆడపడుచు, వేళచ్చేరి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా చెన్నై వచ్చి వేళచ్చేరిలో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. పుస్తకాలు అచ్చుకు వెళ్ళే ముందు ప్రూఫులు దిద్దడం నా పని. ఇంటి నుంచే చేస్తాను కాబట్టి రోజంతా అక్షరాలతోనే గడిచిపోతుంది. పొద్దున పాలు పోసే అతనికీ, సాయంత్రం కూరగాయల బండి ఆవిడకూ తప్ప మరెవరికీ నా గొంతు వినిపించని రోజులు చాలా ఉంటాయి. దాని వల్ల నాకు ఇబ్బంది లేదు. చిన్నప్పటి నుంచీ నేను మితభాషినే. నా ఇబ్బంది వేరే ఉంది. సాయంత్రం ఆరు దాటి, కింది వాటాలో కుక్కరు కూతలూ, పిల్లలను చదివించే తల్లి గొంతూ మొదలయ్యే వేళకు నాకు కూడా నలుగురి అలికిడిలో ఉండాలనిపిస్తుంది. పక్కన ఎవరో పేజీ తిప్పుతూ ఉంటే, ఎదురుగా మరెవరో ఏదో రాసుకుంటూ ఉంటే, వారి మధ్య నా పని నేను చేసుకోవాలన్నదే నా కోరిక. ఎవరూ నన్ను పలకరించనక్కరలేదు, నేనూ ఎవరినీ పలకరించనక్కరలేదు.

ఇప్పటి వరకు నాకు తెలిసిన దారులు ఏవీ ఇందుకు ఉపయోగపడలేదు. క్రోంపేటలో మా పిన్ని ఉంది. ఆవిడకు నేనంటే ప్రాణం. ప్రతి ఆదివారం భోజనానికి రమ్మని ఫోను చేస్తుంది. అయితే గడపలో కాలు పెట్టింది మొదలు, జీతం పెంచారా, ఫలానా సంబంధం ఎందుకు వద్దన్నావు, ఒక్కదానివీ వండుకుని తింటున్నావా లేక పెరుగన్నంతో సరిపెడుతున్నావా అంటూ ప్రశ్నలు కురుస్తూనే ఉంటాయి. అవన్నీ ప్రేమతో అడిగేవే అని తెలిసినా, జవాబులు చెప్పి చెప్పి ఇంటికి తిరిగి వచ్చేసరికి రెండు రోజుల పాటు ఎవరి మొహమూ చూడబుద్ధి కాదు. ఉగాదికి తెలుగువారి సమావేశం ఒకటి జరుగుతుందంటే వెళ్ళాను. అక్కడ ఒక్కొక్కరినీ మైకు దగ్గరకు పిలిచి పరిచయం చేసుకోమన్నారు. కాఫీ హోటళ్ళలో కూర్చుందామంటే, కప్పు ఖాళీ కాగానే బల్ల తుడవడానికి వస్తారు. వారి వ్యాపారం వారిది, తప్పు పట్టలేను.

అందుకని మీలో అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను. వేళచ్చేరి నుంచి సులువుగా వెళ్ళి రాగలిగిన చోట, ఒంటరి ఆడమనిషి గంటో రెండు గంటలో నిశ్శబ్దంగా నలుగురి నడుమ కూర్చోగలిగిన స్థలాలు ఏమున్నాయి? మా పిన్ని మనసు కష్టపెట్టకుండా, ఆవిడ ఇంట్లోనే నేను మౌనంగా ఉండే వీలు ఎలా కల్పించుకోవాలి? మరొక సందేహం కూడా ఉంది. మనుషులు కావాలి కానీ మాటలు వద్దు అనిపించడం మనసులో ఏదైనా లోపానికి గుర్తా?

జవాబు: కోట్టూరుపురం పాఠకుడు

మీరు వేళచ్చేరిలో ఉంటున్నారు కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు పరక్కుం రైలు, అంటే వంతెనల మీద నడిచే ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు దారిలోనే ఉంది. వేళచ్చేరిలో ఎక్కితే పెరుంగుడి, తరమణి, తిరువాన్మియూరు, ఇందిరానగర్, కస్తూరిబా నగర్ దాటగానే వచ్చే స్టేషను కోట్టూరుపురం. అక్కడికి దగ్గరలోనే అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది. 2010లో ప్రారంభమైన ఈ తొమ్మిది అంతస్తుల భవనంలో మీ అవసరానికి సరిగ్గా సరిపోయేది కింది అంతస్తులోని సొంత పుస్తకాల విభాగం. గ్రంథాలయంలోని పుస్తకాల కోసం కాక, తమ వెంట తెచ్చుకున్న పుస్తకాలనే చదువుకునేవారి కోసం దాన్ని కేటాయించారు. కాబట్టి మీ ప్రూఫు కాగితాలు తీసుకువెళ్ళినా ఎవరూ వింతగా చూడరు.

అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలకో, సివిల్ సర్వీసులకో, బ్యాంకు ఉద్యోగాలకో చదివే యువతీయువకులు. ఒకే బల్ల దగ్గర ఒక అమ్మాయి రాజ్యాంగం పుస్తకంలో పసుపు గీతలు గీసుకుంటూ ఉంటుంది, ఆమె పక్కన ఒక అబ్బాయి లెక్కల కాగితం నింపుతూ, తప్పు వచ్చినప్పుడల్లా తనలో తాను పెదవులు కదుపుతూ మళ్ళీ మొదటి నుంచి వేసుకుంటాడు. ఆమె టీ తాగడానికి లేచినప్పుడు తన లాప్‌టాప్ వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూస్తుంది. అతను తల ఊపుతాడు. ఆ చూపుకు అర్థం, నేను వచ్చే దాకా దీన్ని కాస్త చూస్తూ ఉండమని. వారిద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియదని నా అనుమానం. అయినా ఆ నమ్మకం అక్కడ ఏ మాటా లేకుండానే ఏర్పడుతుంది.

గ్రంథాలయం ఇటువంటి అవసరానికి ఎందుకు బాగా సరిపోతుందో నేను చాలాసార్లు ఆలోచించాను. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ మౌనంగా ఉండాలంటే మనమే ఎదుటివారిని వారించాలి, ఆ వారింపు వారికి నొప్పి కలిగిస్తుంది. గ్రంథాలయంలో ఆ భారాన్ని నియమమే మోస్తుంది. నిశ్శబ్దం పాటించమని గోడ మీద రాసి ఉంటుంది కనుక, మీరు మాట్లాడకపోతే అది అక్కడ మర్యాద అవుతుంది. పైగా అందరి ముందూ ఏదో ఒక పని ఉంటుంది, అందరూ ఏదో ఒక వేళకు లేచి వెళ్ళిపోతారు, వెళ్ళేటప్పుడు ఎవరికీ కారణం చెప్పనక్కరలేదు. మనిషి ప్రశాంతంగా కూర్చోవడానికి కావలసినవి ఇవేనని నా అభిప్రాయం.

ఎగ్మూరు వైపు వెళ్ళే పని ఉన్నప్పుడు పాంథియన్ రోడ్డులో మ్యూజియం ఆవరణలోనే ఉన్న కన్నెమరా గ్రంథాలయం కూడా చూడండి. 1896లో ప్రజలకోసం తెరిచిన గ్రంథాలయం అది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులను ప్రచురణకర్తలు తప్పనిసరిగా పంపవలసిన గ్రంథాలయాలలో ఇది ఒకటి. మీరు ప్రూఫులు దిద్దిన పుస్తకాలు కూడా ఆ లెక్కన అక్కడికి చేరవలసినవే కదా! ఆ సంగతి తలచుకుంటూ అక్కడ కూర్చోవడం మీకు ప్రత్యేకంగా సంతోషం కలిగించవచ్చు.

జవాబు: మైలాపూరు గృహిణి

మీ రెండో ప్రశ్నకు నాకు తోచింది రాస్తాను. మీరు నాకన్నా చాలా చిన్నవారై ఉంటారు కనుక కాస్త చనువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు మౌనంగా కలిసి కూర్చోవడం తెలియనిది కాదు. వేసవి మొదట్లో కొత్త చింతపండు వచ్చినప్పుడు మా అమ్మమ్మ, మా మేనత్త, పక్కింటి ఆవిడ మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో చాప పరుచుకుని కూర్చునేవారు. ఒకరు పెంకు వలిస్తే, ఒకరు ఈనెలు లాగితే, మరొకరు కత్తిపీట మీద పిక్కలు తీసేవారు. పిక్కలు ఒక చేటలో, పండు ఒక పళ్ళెంలో పడుతూ ఉండేవి. చివరికి ఉప్పు చల్లి, జాడీలోకి ఎత్తి, గుడ్డ కట్టే దాకా ఒక్కోసారి గంట సేపు ఎవరూ నోరు విప్పేవారు కారు. విప్పినా, ఆ పిక్క ఇటు వచ్చింది చూడు అన్నంత మాటే. ఎవరి చూపు వారి చేతుల మీద ఉండేది. ఆ గంటలో ఎవరూ ఎవరినీ కుశలప్రశ్నలు వేయకపోయినా, వారి మధ్య ఎంత దగ్గరితనం ఉండేదో పక్కన ఆడుకునే పిల్లలమైన మాకు కూడా తెలిసేది. ఇప్పుడు చింతపండు పిక్క తీసి పొట్లాల్లో వస్తోంది, బియ్యంలో రాళ్ళు ఏరే పని లేదు, అందువల్ల చుట్టం ఇంటికి వస్తే సోఫాలో ఎదురెదురుగా కూర్చోవడం తప్ప మరో మార్గం కనిపించడం లేదు. ఎదురెదురుగా కూర్చున్నాక ఏదో ఒకటి అడగకపోతే బాగుండదని మీ పిన్నిగారూ అనుకుంటారు. ఆవిడ ప్రశ్నల్లో సగం ఆ సోఫా వల్ల పుట్టినవే.

కాబట్టి ఆవిడను మాట్లాడవద్దని మాత్రం అనకండి. ఆ మాట ఎంత మెత్తగా అన్నా గుచ్చుకుంటుంది. ముందు రోజే ఫోను చేసి, “పిన్నీ, రేపు నా కాగితాలు తెచ్చుకుంటాను, నీ దగ్గర కూర్చుంటే నాకు పని బాగా సాగుతుంది, నువ్వు నీ పని చేసుకో, నాలుగింటికి కాఫీ తాగి బయలుదేరతాను” అనండి. ఈ మాటల్లో ఆవిడ మీద ప్రేమ ఉంది, మీ చేతిలో పని ఉన్న సంగతి ఉంది, వెళ్ళే వేళ కూడా ఉంది. వెళ్ళగానే మొదటి పావుగంట పూర్తిగా ఆవిడకే ఇచ్చేయండి. అడిగినవాటికి ఓపికగా జవాబు చెప్పండి, మీరే ఒకటి రెండు అడగండి. ఆ తరువాత ఎర్ర కలం తీసి కాగితాల మీద దృష్టి పెట్టండి. ఆవిడ చిక్కుడుకాయలు వలుచుకుంటారో, పూలు కట్టుకుంటారో, టీవీ శబ్దం తగ్గించి సీరియల్ చూసుకుంటారో ఆవిడ ఇష్టం. మధ్యలో ఒక ప్రశ్న వస్తే “ఈ పేజీ అయ్యాక చెబుతా పిన్నీ” అంటే చాలు. మా అమ్మాయి నాతో ఇలాగే ఉంటుంది. దానివల్ల నాకు లోటేమీ కనిపించలేదు సరికదా, అది నా ఇంట్లో ఇంత నిశ్చింతగా కూర్చోగలుగుతున్నందుకు సంతోషిస్తున్నాను.

చోట్ల విషయానికి వస్తే, మైలాపూరు రామకృష్ణ మఠం గురించి ఎవరూ చెప్పకపోతే నాకు తృప్తిగా ఉండదు. 1897లో మొదలైన మఠం అది. ఇప్పుడున్న పెద్ద ఆలయాన్ని 2000లో ప్రతిష్ఠించారు. సాయంత్రం హారతి వేళకు హాలులో నేల మీద వందలమంది కూర్చుంటారు, పాట ముగిశాక కూడా చాలామంది కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోతారు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారని అడిగేవారు ఉండరు. అదే రైలు దారిలోని తిరుమయిలై స్టేషను నుంచి మీకు అంత దూరం కాదు.

డిసెంబరు వస్తే మాత్రం ఇంట్లో ఉండకండి. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభతో పాటు సంగీత సభ ఒకటి జరిగింది, దాని నుంచే మరుసటి సంవత్సరం మ్యూజిక్ అకాడమీ పుట్టింది, ఆ తరువాత ఈ మార్గళి (మన ధనుర్మాసం) కచేరీల సంప్రదాయం ఊరంతా పెరిగింది. చాలా సభల్లో మధ్యాహ్నపు కచేరీలకు టిక్కెట్టు ఉండదు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు ఎందరో ఉంటారు. పక్కసీటులోని మామి ఆది తాళం వేస్తూ అరచేయి తొడ మీద తట్టి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు లెక్కపెట్టి, మళ్ళీ తట్టి చేయి తిప్పుతుంటే, మీ చేయి కూడా తెలియకుండానే అదే లెక్కలో పడుతుంది. మూడు గంటలు పక్కపక్కనే కూర్చుని ఒకే సమం దగ్గర, అంటే తాళం మళ్ళీ మొదలయ్యే చోట, ఇద్దరి చేతులూ కలిసి పడటం కన్నా సాంగత్యం ఏముంటుంది? పైగా పాడేవారు త్యాగరాజస్వామి కీర్తన ఎత్తుకున్నారంటే, ఆ హాలులో అది ఎంతమందికి అమ్మభాషో తెలియదు కానీ, మనకు ప్రతి మాటా సొంతమే. మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనం వేళ సగం సభ లేచి క్యాంటీన్‌కు వెళుతుంది. అప్పుడు కూడా మీరు నిశ్చింతగా కూర్చోవచ్చు. మృదంగం అంత దగ్గరగా వినే అవకాశం దొరకడం నిజంగా అదృష్టం.

జవాబు: విశ్రాంత ఉద్యోగి, టి. నగర్

పైన రాసినవారి మాటలన్నీ నాకు నచ్చాయి. అయినా ఒక విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరుగా ఉంది, అది చెప్పడం అవసరమని అనుకుంటున్నాను.

నేను రోజూ సాయంత్రం వెంకటనారాయణ రోడ్డులోని నటేశన్ పార్కుకు వెళతాను. ఎండ తగ్గి సముద్రపు గాలి ఊరిలోకి చేరాక అక్కడ బెంచీ మీద కూర్చోవడం నాకు చాలా ఇష్టం. అదే బెంచీ రెండో చివర ఒక పెద్దమనిషి కూర్చుని తమిళ పత్రిక చదివేవారు. నేను రాగానే పత్రిక కొంచెం దించి తల ఊపేవారు, నేనూ ఊపేవాణ్ణి. అంతే. ఏళ్ళ తరబడి అలాగే సాగింది, ఇద్దరికీ అది హాయిగా ఉండేది. ఒక వర్షాకాలంలో ఆయన రావడం ఆగిపోయింది. వారాలు గడిచాయి. ఆయన పేరేమిటో, ఏ వీధిలో ఉంటారో నాకు తెలియదు. వాచ్‌మన్‌ను అడిగితే ఆయనకూ తెలియలేదు. ఎవరి కోసం ఆందోళన పడుతున్నానో చెప్పడానికి కూడా నాకు మాట లేదు. కొంతకాలానికి ఆయన చేతికర్రతో వచ్చారు. జారిపడి తుంటి ఎముక విరిగిందట. ఆ రోజు మేము పేర్లు, ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. మరునాటి నుంచి ఆయన పత్రిక ఆయనది, నా ఆలోచనలు నావి.

కాబట్టి అమ్మా, మాటలు వద్దనుకోవడం మీ హక్కు. కానీ ఒంటరిగా ఉండే మనిషి, రోజూ తన పక్కన కూర్చునేవారిలో కనీసం ఒక్కరికైనా తన పేరూ, తన నంబరూ తెలిసేలా చూసుకోవాలి. దానికి ఒక్కసారి రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. రేపు జ్వరం వచ్చి మూడు రోజులు కనబడకపోతే వాకబు చేసే మనిషి ఒకరు ఉంటారు. నిశ్శబ్దంగా ఉండే సాంగత్యానికి అంత మాత్రపు పునాది అయినా ఉండాలన్నది నా అభిప్రాయం.

జవాబు: మనస్తత్వశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలు, అన్నా నగర్

మీ మూడో ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. మనుషుల మధ్య మౌనంగా ఉండాలనిపించడం లోపం కాదు.

ఇంగ్లండులో శిశువైద్యుడిగానూ మనోవిశ్లేషకుడిగానూ పనిచేసిన డొనాల్డ్ విన్నికాట్ 1958లో ఈ విషయం మీద ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. ఒంటరిగా ప్రశాంతంగా ఉండగలగడం అనే శక్తి, తల్లి దగ్గరలో ఉండగా బిడ్డ తన లోకంలో తాను ఉండగలిగిన అనుభవం నుంచే మొదలవుతుందని ఆయన వాదన. తల్లి వంటింట్లో పని చేసుకుంటూ ఉంటుంది, బిడ్డ గడప దగ్గర గరిటెతో ఆడుకుంటూ ఉంటుంది. తల్లి బిడ్డను ఆడించడం లేదు, బిడ్డ తల్లిని పిలవడం లేదు, కానీ ఆమె అక్కడ ఉన్నదన్న ధైర్యం మీదనే ఆ ఆట సాగుతోంది. మీరు కోరుకుంటున్నది ఆ ధైర్యాన్నే.

అమెరికాలో మిల్‌డ్రెడ్ పార్టెన్ నర్సరీ పిల్లల ఆటలను గమనించి 1932లో ప్రచురించిన పరిశీలనలో, పిల్లలు పక్కపక్కనే కూర్చుని, ఒకే రకమైన బొమ్మలతో, ఎవరి ఆట వారు ఆడుకోవడాన్ని ఒక ప్రత్యేకమైన రకంగా గుర్తించారు. అది చిన్నతనంలోనే వదిలిపోవలసిన దశ అని చాలాకాలం అనుకున్నారు. ఆ తరువాతి పరిశోధకులు, ముఖ్యంగా 1980లో బేక్‌మన్, బ్రౌన్లీ అనే ఇద్దరు, పిల్లలు తరచుగా ఈ పక్కపక్క ఆట నుంచే గుంపు ఆటలోకి వెళుతున్నారని చూపించారు. పెద్దల్లో కూడా పక్కపక్కనే ఉంటూ ఎవరి పనిలో వారు ఉండటాన్నే అత్యంత సుఖమైన సాంగత్యంగా భావించేవారు ఎందరో ఉన్నారు. ఆటిజం ఉన్న పెద్దలలో చాలామంది ఈ మాట స్పష్టంగా చెబుతారు. అలాగని, ఈ కోరిక ఉన్నవారందరికీ ఏదో ఒక పేరు తగిలించాలని నా ఉద్దేశం కాదు.

గ్రంథాలయంలోని ఆ చూపు గురించి కోట్టూరుపురం మిత్రులు రాసింది చదివినప్పుడు నాకు సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్మన్ గుర్తుకు వచ్చారు. బహిరంగ స్థలాల్లో అపరిచితులు ఒకరినొకరు ఒక్కసారి చూసి, ఎదుటి మనిషి ఉనికిని గుర్తించామని తెలిపి, వెంటనే చూపు తప్పించడం ఒక మర్యాద అని ఆయన 1963లో వివరించారు. చూడకపోవడం అవమానం, చూస్తూనే ఉండటం చొరబాటు. ఈ రెంటి మధ్య ఒక్క క్షణపు చూపు ఉంది. చెన్నైలో మనుషులకు ఈ మర్యాద బాగా తెలుసునని, ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్న నాకు అనిపిస్తుంది.

మీ పనికి పనికివచ్చే సంగతి ఒకటి చెబుతాను. బాగా అలవాటైన పనిని ఇతరుల సమక్షంలో చేస్తే మరింత చురుకుగా సాగుతుందనీ, కొత్తగా నేర్చుకుంటున్న క్లిష్టమైన పని మాత్రం నలుగురిలో తడబడుతుందనీ మనస్తత్వశాస్త్రవేత్త రాబర్ట్ జయోంట్స్ 1965లో ప్రతిపాదించారు. కాబట్టి రోజూ చేసే ప్రూఫులు గ్రంథాలయానికి తీసుకువెళ్ళండి. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం వంటివి ఇంట్లో ఒంటరిగా చేసుకోండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మౌనంగా ఉండాలన్న కోరిక వేరు, మనుషులంటే భయం వేరు. ఎవరైనా పలకరిస్తారేమోనన్న భయంతో మందుల దుకాణానికో బ్యాంకుకో వెళ్ళడం మానుకుంటున్నా, నిద్ర, ఆకలి వారాల తరబడి తగ్గినా, ఇంతకు ముందు ఇష్టంగా చేసిన పనులు కూడా రుచించకపోయినా, అప్పుడు వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మీ ఉత్తరంలో అటువంటి గుర్తులు నాకు కనిపించలేదు. టి. నగర్ పెద్దవారు చెప్పిన పేరూ నంబరూ మాటను మాత్రం నేను గట్టిగా సమర్థిస్తున్నాను.

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షోళింగనల్లూరు

నేను ఇక్కడికి రాకముందు బెంగళూరులో ఉండేవాణ్ణి. అక్కడ కబ్బన్ పార్కులో శనివారం ఉదయాల్లో ఎవరి పుస్తకం, ఎవరి చాప వారు తెచ్చుకుని చెట్ల కింద మౌనంగా చదువుకునేవారు. కబ్బన్ రీడ్స్ అనే పేరుతో మొదలైన ఈ పద్ధతి తరువాత ఇతర నగరాలకూ వ్యాపించింది. పరిచయాలు చేసుకోవాలన్న నియమం లేదు, చదివిన పుస్తకం గురించి మాట్లాడాలన్న నియమమూ లేదు. నాకు నచ్చింది అదే.

బయటకు వెళ్ళలేని రోజున నేనూ, గూడూరులో ఉన్న మా అక్కా వీడియో కాల్ పెట్టుకుని, మైకులు ఆపేసి, గంటసేపు ఎవరి పని వారం చేసుకుంటాం. తను పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటుంది. మొదలుపెట్టేటప్పుడు ఒక మాట, ముగించేటప్పుడు ఒక మాట, మధ్యలో ఏమీ ఉండదు. గంట అని ముందే అనుకోవడం ముఖ్యం. లేకపోతే ఎప్పుడు ముగించాలో తెలియక ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు: నెల్లూరు ఆడపడుచు, వేళచ్చేరి

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. మైలాపూరు అమ్మగారు చెప్పినట్లు పిన్నికి ఫోను చేసి ఆ మాటలే అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, “అయితే భోజనాల బల్ల నీకే వదిలేస్తాను, దాని మీద ఫ్యాను కూడా బాగా తిరుగుతుంది” అంది. ఈ ఆదివారం వెళుతున్నాను. మా పిన్నికి పూలు కట్టడం ఇష్టం, అందుకని వెళుతూ దారిలో మల్లెమొగ్గలు కొనుక్కుని వెళదామనుకుంటున్నాను.

టి. నగర్ పెద్దవారు చెప్పింది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. కింది వాటా ఆవిడకు నా నంబరు ఇచ్చి, ఆవిడది తీసుకున్నాను. ఆవిడ మరేమీ అడగలేదు, నాకు అది ఎంతో నచ్చింది. రామకృష్ణ మఠానికి వచ్చే వారం వెళతాను.

కోట్టూరుపురం వారిని ఒక్క సంగతి అడగాలి. గ్రంథాలయానికి సాయంత్రం పూట వెళితే సొంత పుస్తకాల విభాగంలో చోటు దొరుకుతుందా? నాది రద్దీలో తోసుకుని కూర్చునే స్వభావం కాదు.

జవాబు: కోట్టూరుపురం పాఠకుడు

నా అనుభవంలో సెలవు రోజుల్లోనూ, పెద్ద పరీక్షలు దగ్గర పడిన వారాల్లోనూ ఉదయం తలుపులు తీయగానే కుర్చీలు నిండిపోతాయి. మామూలు పనిదినాల్లో సాయంత్రం అయిదు దాటాక, పొద్దున వచ్చినవారు ఒక్కొక్కరుగా లేచి వెళ్ళడం మొదలవుతుంది కనుక మీకు చోటు దొరకడం కష్టం కాదు. చోటు లేకపోతే ఎవరినీ అడగనవసరం లేకుండా పై అంతస్తులకు వెళ్ళి అక్కడి పుస్తకం ఒకటి తీసుకుని కూర్చోవచ్చు. అయితే ఆ విభాగాల్లోకి సొంత పుస్తకాలను అనుమతించరు కాబట్టి మీ కాగితాల సంగతి ప్రవేశద్వారం దగ్గర ముందుగా అడిగి తెలుసుకోండి. బండి మీద వచ్చే ఆలోచన ఉంటే మానుకుని రైలుకే రండి, ఆ వేళకు గాంధీ మండపం రోడ్డులో వాహనాలు ఎక్కువగా ఉంటాయి. ఒక పలుచని శాలువా తెచ్చుకుంటే మంచిది, ఏసీ చల్లదనం కొన్ని కుర్చీల దగ్గర ఎక్కువగా తగులుతుంది.